నాన్న పాతిన టెంకలు

నాన్నకి ఇక మూడు నాలుగు నెలలే అని డాక్టరు చెప్పినప్పుడు, ఆ సంగతి ఆయనకి తెలియనివ్వకూడదని అమ్మా నేనూ ఒట్టేసుకున్నాం. "కడుపులో పుండంతే, మానిపోతుంది" అని ఆయన మొహం చూసి అబద్ధమాడాను. అంత బాగా అబద్ధమాడగలనని అప్పటిదాకా నాకే తెలియదు.

శ్రీకాకుళం ఆసుపత్రిలో పక్క మంచం ముసలాయనకి ఆయన కూతురు రోజూ సాయంత్రం బైబిలు చదివి వినిపించేది. గుడి తప్ప ఎరగని మా నాన్న కూడా చెవొగ్గి వినేవాడు. ఒకరోజు పొద్దూ గాలీ ఏరూ తిరిగి తిరిగి మొదలైన చోటికే రావడం గురించి చదివింది. ఆ తర్వాత, ప్రతిదానికీ ఒక వేళ ఉందన్న భాగం ఎత్తుకుంది. పుట్టుకకీ వేళ ఉందనగానే, తర్వాత వచ్చే మాటేమిటో నాకు తట్టింది. "ఇక ఆపండమ్మా, మా నాన్న పడుకోవాలి" అని కసిరాను. ఆమె ఆపేలోపే నాటడానికీ, నాటినదాన్ని పెరకడానికీ వేళ ఉందన్నదాకా చదివేసింది.

"సదవనీరా" అన్నాడు నాన్న. "నాటడం, పెరకడం అంతన్నాది. మన మడి గురించే కదా."

నాన్నని రాజాం దగ్గర మా ఊరికి తీసుకొచ్చేశాం. భాద్రపదంలో గట్టు మీది తాటిచెట్ల కింద రాలిన పళ్ల టెంకలు ఏరుకొచ్చి, తేగల కోసం పెరట్లో పాతడం మొదలెట్టాడు. ఏటా చేసే పనే. కానీ తేగలు ఊరేసరికి ఈయన ఉండడు. పాపం, అది తెలియక ఒళ్లు హూనం చేసుకుంటున్నాడని నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "తేగలు తినకపోతే చచ్చిపోతామా? లోపలికొచ్చి పడుకో" అని అరిచాను. అన్నాక నాలుక్కరుచుకున్నాను. ఆయన నవ్వి ఇంకో టెంక పాతాడు.

కార్తీకంలో పోయాడు.

పుష్యంలో అమ్మ గునపం తెచ్చి నా చేతికిచ్చింది. తవ్వుతుంటే తెల్లటి తేగలు గుత్తులుగా బయటపడ్డాయి. "తినొచ్చనుకునే పాతాడమ్మా. కడదాకా మోసం చేశాను" అని కూలబడ్డాను.

అమ్మ నన్ను వింతగా చూసింది. "మోసమేటి? ఆసుపత్రిలోనే ఆయనకి తెలిసిపోనాది. 'తేగలప్పటికి నేనుండను, ఆడి సేత తవ్వించు' అన్నాడు. తనకి తెలుసని నీకు సెప్పొద్దన్నాడు. నువ్వు తట్టుకోనేవంట."

ఆ నెలలన్నీ నేను నటిస్తుంటే, ఆయన నాకోసం నమ్మినట్టు నటించాడు. చచ్చేంత సిగ్గేసింది.

అమ్మ తేగలు ఉడకేసి, ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టింది. "తిను. వచ్చే భాద్రపదానికి టెంకలు నువ్వు పాతాల."

"ఎవరికోసమే?"

"అది ఆయన అడగనేదు కదరా" అంది.