భూమి తాతకు కొరికి పెట్టిన అరటిపండు

బ్రాంక్స్‌లో మా వీధి చివర తాగి కొట్టుకునేవాళ్ళ మధ్యకు చీపురు పట్టుకుని వెళ్ళి విడదీసి వచ్చిన మనిషి మా అమ్మమ్మ. ముద్ర వేసిన కాగితం కనిపిస్తే మాత్రం ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడవు.

దానికి కారణం ఉంది. సైగాన్‌కు దిగువన వాళ్ళ నాన్నకు ఒక వడ్ల మిల్లు ఉండేది. యుద్ధం అయిపోయాక ఉత్తర వియత్నాం యాసలో మాట్లాడే ప్రభుత్వపు మనిషి ఒకాయన వచ్చాడు. మర్యాదగా నమస్కారం పెట్టి, ముద్ర వేసిన ఒక కాగితం చదివి వినిపించి, మిల్లుకు తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. అరిచేవాడితో ఎలాగో వేగవచ్చు, మెల్లగా చదివేవాడితో వేగలేమని ఆమె ఇప్పటికీ అంటుంది.

అలాంటి మనిషి కొట్టుకు నగర ఆరోగ్యశాఖ నోటీసు వచ్చింది.

మాది ఎముకల పులుసులో బియ్యపు సేమ్యా వేసి అమ్మే కొట్టు. వచ్చేవాళ్ళందరూ అమ్మమ్మను ఊత్ పిన్ని అంటారు, అంటే కడగొట్టుది అని. ఆమె కంటే పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేకపోయినా ఆమె కడగొట్టుదే. గల్లాపెట్టె బల్ల ముందు, నేల మీద, ఎర్ర చెక్కపెట్టెలో కొట్టును కాచే దేవుడి బొమ్మ, మా భూమి తాత, కూర్చుని ఉంటాడు. బొజ్జ ముందుకు తోసుకుని నోరంతా తెరిచి నవ్వుతుంటాడు. ఆ బొజ్జ అమ్మమ్మ పోలికేనని నేనంటే ఆమె గరిటె ఎత్తుతుంది.

పొద్దున్నే కొట్టు తెరవగానే ఆయనకు ఒక అరటిపండు, చిక్కటి తీపిపాలు పోసిన కాఫీ పెట్టాలి. పెట్టే ముందు అమ్మమ్మ పండు ఒకసారి కొరికి, కాఫీ ఒక గుక్క తాగి చూపించాలి. ఒకప్పుడు తాతకు ఎవరో విషం పెట్టారట. అప్పటినుంచి, పెట్టినవాళ్ళు తిని చూపిస్తే తప్ప ఆయన ముట్టడు. దక్షిణాది వియత్నాం ఇళ్ళల్లో పాలు తాగే పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు.

నుదుటికి దీపం కట్టుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మకు తెలియదు. ఆవిడ రెండు తప్పులు రాసింది. చల్లగా ఉండాల్సిన మాంసం చల్లగా లేదన్నది మొదటిది. ఆహారం తయారుచేసే చోట పనివాళ్ళు తింటున్నారన్నది రెండోది. సాక్ష్యంగా కొరికిన పండునూ తాగిన కాఫీ గ్లాసునూ ఫొటో తీసింది.

ఖియెమ్ మామయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "మాంసం సంగతి మన తప్పే, ఒప్పుకుందాం. రెండోదీ నిలిచిందంటే మాత్రం అద్దం మీద శుభ్రతకు ఇచ్చిన A అక్షరం తీసి B అంటిస్తారు. దీన్ని కాదనాలి."

పక్కవీధిలో మోమోలు చేసేవాడి అద్దం మీద B పడింది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

"మూసేస్తారు," అంది అమ్మమ్మ.

"మూయరమ్మా. అక్షరం మారుస్తారు, అంతే."

"మిల్లు దగ్గర కూడా అంతే అన్నారు. సంతకం పెట్టమన్నారు, అంతే అన్నారు."

ఆనాటినుంచి ఆమెకు తిండి సయించలేదు. పోస్టు మనిషి నీలం చొక్కా కనిపిస్తే ఫ్రిజ్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. విచారణ వాయిదా ఫోన్లోనే అన్నారు. కొట్టు ఆమె పేరున ఉంది కాబట్టి ఆమే జవాబు చెప్పాలి. మామయ్య రోజూ పాఠం చెప్పేవాడు.

"నువ్వు కొరకలేదు. ఎవరో కస్టమర్ కొరికి అక్కడ వదిలేశాడు. ఈ ఒక్క ముక్క చెప్పమ్మా చాలు."

"తాత ముందు కూర్చుని ఆ మాట ఎలా అంటానురా?"

"వంటింట్లోకి వెళ్ళి మాట్లాడు."

"కొట్టంతా ఆయనదే. వంటింట్లో వినపడదేంటి?"

వాయిదా రోజు పొద్దున ఆమె తన ఏప్రన్ విప్పి తాత పెట్టె మీద కప్పింది.

"కళ్ళు మూశావు సరే, చెవులో?" అన్నాను నేను.

"నోరు మూసుకోవే, దయ్యమా," అంటూనే వెళ్ళి రెండు తువ్వాళ్ళు తెచ్చి కప్పింది.

ఫోన్ మోగింది. ముందు విచారణ చేసే ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడింది. తరువాత మా భాషలోకి మార్చి చెప్పే దుబాసీ అందుకున్నాడు.

"నమస్కారం బామ్మగారూ. మీరు నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యాలండి."

హనోయ్ యాస. ఎంతో మర్యాదగా, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతున్నాడు. అమ్మమ్మ ఫోన్ మీద చెయ్యి అడ్డుపెట్టి, "ఉత్తరాదివాడు, ఖియెమ్. వచ్చేశాడు," అంది.

"ఆయన ఉత్త దుబాసీ అమ్మా. ఎక్కడో ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నాడు. చెప్పు."

"బామ్మగారూ, వింటున్నారా? ఫొటోలో ఉన్న పండు ఎవరు కొరికారని అడుగుతున్నారండి."

మామయ్య పెదవులతో 'కస్టమర్' అని చూపించాడు. అమ్మమ్మ నోరు తెరిచింది. కుర్చీ అంచు పట్టుకుని తువ్వాళ్ళ వంక చూసింది.

"నేనే బాబూ," అంది. "నేనే కొరికాను. కాఫీ కూడా నేనే తాగాను. కొట్టు మాత్రం తీసుకోకండి."

మామయ్య తల పట్టుకున్నాడు.

దుబాసీ ఆమె మాటలు అవతలికి చెప్పాడు. మళ్ళీ ప్రశ్న వచ్చింది. "పనిలో ఉండగా ఎందుకు తిన్నారండి?"

"నేను తినలేదు బాబూ. తాతకు చూపించాను. ఆయనకు విషమంటే భయం."

"ఏ తాతండీ?" అన్నాడు దుబాసీ. ఆ ప్రశ్న అతను తనంతట తానే అడిగాడని నాకనిపించింది. ఉత్తరాదిలో ఈ కొరికి పెట్టడం ఎరగరు.

అమ్మమ్మ భూమి తాతకు జరిగిన మోసమంతా చెప్పుకొచ్చింది. విషం పెట్టినవాడిని రెండుసార్లు తిట్టింది కూడా. దుబాసీ మధ్యలో ఒకసారి దగ్గి, అంతా ఇంగ్లీషులో చెప్పాడు. తిట్లు వదిలేశాడు.

అవతలి ఆవిడ ఏదో అడిగింది. "ఆ పెట్టె కచ్చితంగా ఎక్కడుందండి? వంట చేసే చోటా?"

"వంటింట్లో కూర్చోబెడితే ఆయన ఊరుకుంటాడా? వీధి తలుపుకు ఎదురుగా ఉండాలి. ఎవరొస్తున్నారో ఆయన చూడాలి. గల్లా ముందు, జనం తినే బల్లల పక్కన ఉంది."

మామయ్య తల ఎత్తాడు. వెంటనే తన ఫోన్‌తో తలుపు నుంచి గల్లా వరకు ఫొటోలు తీసి పంపించాడు. తువ్వాళ్ళు ఎందుకున్నాయని అడిగారు. చలి అని చెప్పాడు.

తీర్పు తరువాత పంపుతామన్నారు. ఆ వారాలన్నీ అమ్మమ్మకు నిద్ర లేదు. అద్దం మీది A ను రోజూ తడిగుడ్డతో తుడిచేది. నా వంక చూసి, "నీకు వేరే పనేమైనా వచ్చునా?" అని అడిగేది. గిన్నెలు కడగడం వచ్చనేదాన్ని. "ఇక్కడ చూస్తున్నాగా, అదీ అంతంతమాత్రమే," అనేది.

కవరు వచ్చినప్పుడు ఆమె ఫ్రిజ్ గదిలో ఉంది. మామయ్య తలుపు బయట నిలబడే చదివాడు. కొరకడం జరిగింది జనం కూర్చుని తినే వైపు. అది వంట చేసే చోటు కాదు. రెండో తప్పు కొట్టేశారు. A అలాగే ఉంటుంది.

తలుపు కొంచెం తెరుచుకుంది. "మళ్ళీ చదువు."

చదివాడు.

"రేపు ఆ విచారణ చేసినావిడ మనసు మార్చుకుంటే?"

"మార్చుకోదమ్మా. ఇదిగో, ముద్ర కూడా వేశారు."

అమ్మమ్మ బయటికి వచ్చింది గానీ ఆ ముద్ర వైపు చూడలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర కస్టమర్‌లా కూర్చుంది. కొట్టు పెట్టినప్పటినుంచి అక్కడ ఆమె కూర్చోగా నేనెన్నడూ చూడలేదు.

"నాకో గిన్నె పెట్టవే," అంది. "ఉల్లికాడలు వెయ్యకు."

పులుసు తెచ్చి ముందు పెట్టాను. చెంచా పక్కన పెట్టి, గిన్నెనే రెండు చేతులతో ఎత్తి అడుగుదాకా తాగింది.