శిలువ లేని గాడిదపిల్ల

ఆంతియోకాను తలుచుకుంటే నాకు మొదట కోపం వస్తుంది, ఏడుపు ఆ తర్వాతే. కోపం ఆమె మీద కాదు, మా వీధి ఆడవాళ్ళ నరం లేని నాలుకల మీద.

మా ఇంటికి గోడ అవతలే ఆమె ఇల్లు. మొగుణ్ణి మలేరియా పొట్టన పెట్టుకుంది. ఆమెకు మిగిలింది వంటింట్లో ఒక పెద్ద రాతి తిరగలి, దాన్ని తిప్పే మూరా అనే ఆడగాడిద. మా సార్డీనియా దీవి గాడిదలు మనిషి నడుముకు మించి పెరగవు, అందుకే పొయ్యి పక్కనే కాపురం చేస్తాయి. మూరా కళ్ళకు గంతలతో పొద్దస్తమానం తిరిగేది. వీధి వీధంతా గోధుమలు అక్కడే విసిరించుకునేది. ఆ పిండితోనే మేం కాగితంలాంటి పలచని రొట్టెలు కాల్చి, కొండల్లో గొర్రెల వెంట తిరిగే మగవాళ్ళకు మూటకట్టి పంపేవాళ్ళం.

మూరాకు వయసు మీద పడింది, మోకాళ్ళు పట్టేశాయి. అది కూలబడేలోగా దాని కడుపున ఒక పిల్ల పుట్టి తిరగలికి అందిరావాలి. లేదంటే ఆంతియోకాకు పస్తులే. అందుకని ఊళ్ళో గాడిదలు సాకే బాకీసియో దగ్గరున్న మగగాడిదతో దాన్ని కట్టించింది. రెండూ బూడిద రంగువే. రెండింటి వీపు మీదా నల్లటి శిలువ, వెన్ను పొడుగునా ఒక గీత, భుజాలకు అడ్డంగా ఒక గీత. ఏసుప్రభువును మోసినందుకు దక్కిన గుర్తది అనేవాళ్ళు మా పెద్దలు.

పుట్టిన పిల్ల పాలనురుగులా తెల్లగా ఉంది. కళ్ళు లేత నీలం. ఎండలోకి తెస్తే రెప్పలు గట్టిగా మూసేసుకుంది. వీపు మీద గీత అన్నదే లేదు.

బాకీసియో చూసి మొహం చిట్లించాడు. "మా గాడిద వంశంలో తెల్లదన్నది ఎరగం వదినా. నీ మూరా ఏ దయ్యాన్ని చూసి జడుసుకుందో!"

"నీ గాడిదకు పుట్టినదాన్ని దయ్యానికి అంటగడతావా? సిగ్గులేదూ?"

"అసలు దానికి చూపే ఆనడం లేదు."

"గంతలు కట్టేదానికి చూపెందుకోయ్? నా వంటింట్లోకి ఎండ ఎక్కడ ఏడ్చింది?"

నిజమే కదా! తిరగలికి అంతకంటే తగిన గాడిద ఎక్కడ దొరుకుతుంది? ఆంతియోకా దాన్ని ఎండ తగలకుండా కడుపులో పెట్టుకుని సాకింది. కానీ జోసెప్పా ఊరుకుంటేనా! మా వీధిలో రొట్టెల పొయ్యి ఆవిడది, పెత్తనమూ ఆవిడదే.

"శిలువ లేని గాడిద విసిరిన పిండితో నా బిడ్డలకు రొట్టె పెట్టనా? చాల్లే ఆంతియోకా! దాన్ని తిరగలికి కట్టిననాడు మా గోధుమలు నీ గడప తొక్కవు. అంతోని పునీతుడి మంట దగ్గరికి కూడా తేకు, చెబుతున్నా."

జనవరిలో ఆ పండుగకు పశువులన్నిటినీ మంట చుట్టూ తిప్పి, పాదిరిగారి చేత దీవెన పెట్టిస్తాం. దీవెన లేని పశువు చేత పని చేయించరు.

పండుగ ముందురోజు ఆంతియోకా తన మొగుడు గొర్రెలకు వాతలు పెట్టే కడ్డీ తీసి పొయ్యిలో కాల్చింది. వెన్ను పొడుగునా ఒకటి, భుజాలకు అడ్డంగా ఒకటి. ఆ పిల్ల అరుపుకు మా ఇంట్లో చంటిబిడ్డ ఉలిక్కిపడి లేచాడు. నేను పరిగెత్తేసరికి ఆమె దాని మెడ కావలించుకుని, "అయిపోయింది తల్లీ, ఇంక నిన్నెవరూ ఏమీ అనరు" అని ఏడుస్తోంది.

మర్నాడు మంట చుట్టూ తిప్పారు. జోసెప్పా చూసి, "ఆఁ, ఇప్పుడు సరే" అంది. దాని నోరు పడ!

తెల్ల తోలు పలచన. వాతలు చీము పట్టాయి. ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల రోజులు రాకముందే పిల్ల చచ్చిపోయింది. ఆంతియోకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు, పెరట్లో తనే పూడ్చింది.

మళ్ళీ అదే మూరాను అదే మగగాడిదతో కట్టించింది. ఈసారి బూడిద రంగు పిల్ల, వీపున నిఖార్సయిన శిలువ. బాకీసియో మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"చూశావా వదినా, నా గాడిద రక్తం!"

"మరి చచ్చిపోయినదానిది ఎవరి రక్తమోయ్?" అంది ఆంతియోకా.

ఆ బూడిద రంగుదే తిరగలి తిప్పి ఆమె కడుపు నింపింది. మూరా పోయింది. తర్వాత ఊళ్ళోకి పిండిమర వచ్చింది, వంటింటి తిరగలి ఆగిపోయింది. ఆ బూడిద రంగు గాడిద ముసలితనంలో, బాకీసియో పాత గాడిద కొడుకుతో కలిసి ఈనింది. మళ్ళీ తెల్ల పిల్ల!

ఈసారి వీధంతా దాని చుట్టూ మూగింది. జోసెప్పా అయితే ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసింది. "అబ్బ, వెన్నముద్దలా ఎంత ముద్దొస్తోందో!"

"శిలువ లేదేమని అడగవేం జోసెప్పా?" అన్నాను.

"పోవే, ఇంకా ఆ పాత చాదస్తమేనా?"

నా ఒళ్ళు మండిపోయింది. మేకలకు సూదులు వెయ్యడానికి వచ్చిన కుర్ర పశువైద్యుడు అక్కడే ఉన్నాడు. మా మాటలు విని నవ్వాడు.

"ఈ తెలుపు తల్లిలోనూ తండ్రిలోనూ పైకి కనపడకుండా దాక్కుని ఉంటుంది అవ్వా. రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. ఒకవైపు నుంచే వస్తే పిల్ల బూడిద రంగే. శిలువంటారా, అదీ దీని వీపు మీద ఉంది. చూపించడానికి రంగు లేదంతే."

ఆంతియోకా ముందుకొచ్చింది. "ఇలాంటిదే ముందొకటి పుట్టింది బాబూ. దానికీ ఉండేదా?"

"తల్లికీ తండ్రికీ శిలువ ఉందా?"

"ఉంది."

"అయితే దానికీ ఉన్నట్టే."

ఆమె వంగి పిల్ల వెన్ను మీద వేలితో పొడుగునా రాసింది, భుజాల మీద అడ్డంగా రాసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఉన్న శిలువ మీదే వాత పెట్టానా?" అంది.

జోసెప్పా ఇంకా ఆ పిల్లను ముద్దు చేస్తూనే ఉంది.