గుంటలో కూర్చుని పోగొట్టుకున్న సగం వాటా

ఆ రోజుల్లో మాకు చిరుతపులి కన్నా చంకలో పుస్తకం పెట్టుకొని వచ్చే మనిషంటేనే ఎక్కువ భయం. పులి వస్తే తలుపేసుకోవచ్చు. పుస్తకం మనిషిని చూసి తలుపేసుకుంటే అది కూడా రాసుకుంటాడని మా బాపు నమ్మకం. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో మాది మగ్గం ఇల్లు. వానలు పడని ఆ ఏడు సర్కారు చౌకగా జొన్నలు, బియ్యం ఇస్తుందని, దానికి ఇంటింటికీ కార్డు రాస్తారని చాటింపు వేశారు. పెద్దలకు నిండు వాటా, పిల్లలకు సగం. ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు కాబట్టి నన్ను కన్న మా అవ్వ చింతగింజలు పేర్చి లెక్క వేసింది. నిండు వాటాకు రెండు గింజలు, సగానికి ఒకటి. బాపు, అవ్వ, నేను, నా భార్య, చిన్న చెల్లె కలిసి తొమ్మిది గింజలు. నా భార్యకు అప్పుడు ఆరో నెల. "తొమ్మిదైతెనే కోడలు పిల్లకు కడుపు నిండ పెట్టొచ్చు. ఒక్కటి తగ్గినా కష్టమే" అంది అవ్వ. (కడుపులో ఉన్నవాడికి ఓ గింజ పెట్టరాదా అని అడిగి చీపురు దెబ్బ తిన్నాను.)

కార్డులు రాసే సర్కారు ఉద్యోగి గిర్దావరు వచ్చే రోజు బాపు నన్ను హెచ్చరించాడు. "సార్ ముంగట నోరు తెరువకు. మగ్గం మీద మస్తు సంపాయిస్తుండ్రని రాసుకుంటె కార్డే ఇయ్యరు." మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చొని నేయాలి. గుమ్మంలో బూట్ల చప్పుడు కాగానే నేను భయంతో ఇంకా కిందికి జారాను. నడుము దాకా కనిపించవలసినవాణ్ని మెడ దాకా మిగిలాను. మనిషిని పొట్టి, మీసం ఇంకా సరిగా రాలేదు, ఇంట్లో చీకటి. "గుంటల ఎవలు?" అన్నాడు గిర్దావరు. "మా కొడుకు సార్" అన్నాడు బాపు. రాసుకున్నాడు. బాపు వేలిముద్ర వేశాడు.

మొదటి నెల జొన్నలు, బియ్యం తెచ్చి అవ్వ తన మానికతో కొలిస్తే ఎనిమిది చింతగింజల లెక్కకే వచ్చాయి. దుకాణదారు తూకంలో కొట్టాడని కొంగు బిగించి పోయింది. ఆయన కార్డు చదివి వినిపించాడు. పెద్దలు ముగ్గురు, పిల్లలు ఇద్దరు. ఇంటికొచ్చి అవ్వ ఆ రెండో పిల్లవాడి కోసం చుట్టూ చూసి, చివరికి నా మీద చూపు ఆపింది.

"తప్పుడు కార్డంటె జేల్ల ఏస్తరట. ఉన్నది గుడ గుంజుకుంటరు. సప్పుడు చెయ్యకుండ్రి" అని బాపు మంచమెక్కాడు. నా భార్య మాత్రం అందరూ తిన్నాక కుండ అడుగు గీకి తినేది. నాలుగు రోజులు చూశాను. అయిదో రోజు ఆమెనే వెంటబెట్టుకొని తాలూకా కచేరీకి నడిచాను. దారి పొడుగునా జైల్లో మగ్గం ఉంటుందో ఉండదో అనే ఆలోచనే.

గిర్దావరు కార్డు తిరగేసి, "మరి ఆ పిల్లగాడేడి?" అన్నాడు. వెనక నుంచి నా భార్య అంది: "గీయినే సార్. గీ పిల్లగాడే మా ఇంటాయన."

ఆయన నన్ను చూశాడు. ఆమె కడుపు చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"గానాడు లేసి నిలవడకపోతివేందిరా?"

"మస్తు బుగులైంది సార్."

"నేనేమన్న పులినా?"

"పులైతె తలుపేసుకుందుము సార్."

నోరు జారాక నా ప్రాణం పోయినంత పనయింది. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "జర పొట్టిగున్నవ్ గని పెద్దోనివే" అని పాత రాత కొట్టేసి కొత్తది రాశాడు. నేను పెద్దవాణ్నయింది పెళ్లినాడు కాదు, ఆ రోజు.

తల నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను. పెట్టె అడుగు నుంచి తీసి మొదట చదివింది ఆ కార్డునే. నా భార్య పోయేదాకా నన్ను సగం వాటా అనే పిలిచింది. "ఓ సగం వాటా, లే, బువ్వ తిందువు" అనేది.

ఆనాడు కడుపులో ఉన్నవాడు ఎదిగి పట్నంలో వేరు కాపురం పెట్టాడు. మొన్న కొత్త కార్డులకు రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె చేతిలో పుస్తకం చూడగానే లేచి నిటారుగా నిలబడ్డాను.

"కూసోండ్రి తాతా, ఎందుకు లేసిండ్రు? ఇంట్ల ఎంతమంది ఉంటరు?"

"ఒక్కన్నే బిడ్డా" అన్నాను. "నిండు వాటా."