స్వర్ణ ఆ నెల బియ్యం కొనలేదు

నెల సరుకుల ఖర్చు ఎలా తగ్గించుకోవాలో టీవీలో చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆకలి మీద ఉన్నప్పుడు సరుకులు కొనడానికి వెళ్ళొద్దట. వారానికి ఏమేం వండాలో ముందే అనుకోవాలట. ఫ్రిజ్‌లో వెనక్కి పడిపోయిన డబ్బాలు ఒకసారి తీసి చూసుకోవాలట. ఫ్రిజ్ లేనివాళ్ళు ఎక్కడ చూసుకోవాలో మాత్రం చెప్పరు. మా పక్క వాటాలో ఉండే స్వర్ణ అయితే అవన్నీ విని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

చౌటుప్పల్‌లో ఒకే ఇంటి రెండు వాటాల్లో మేము కిరాయికుంటాం. నేను ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని, స్వర్ణ అదే బడిలో ఆయా. ఆమె భర్త పరశురాం ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఇద్దరు పిల్లలు, పరశురాం తల్లి జానమ్మ, అందరూ కలిసి ఐదుగురు. వాళ్ళది కేతేపల్లి. తాతల కాలం నుంచి ఒకరి పొలాల్లో కూలి చేసుకున్న ఇల్లు అది. ఆ ఇంట్లో నెల జీతం అనేది తెచ్చిన మొదటివాడు పరశురామే. జీతమంటే ఏదో ఊహించుకోకండి. కిరాయి, ఫీజులు, గ్యాసు పోగా వంటింటికి మిగిలేది చూస్తే నాకే భయమేస్తుంది.

స్వర్ణ దాంతోనే నెల ఈదుతుంది. వారపు అంగడికి పొద్దుగూకే వేళకు పోతుంది. ఇంటికి తిరిగి మోసుకుపోలేక అమ్మేవాళ్ళు అప్పుడు కూరగాయలు కుప్పలు పోసి అగ్గువకు ఇస్తారు. చింతపండు ఎండాకాలంలోనే కేతేపల్లి నుంచి తెచ్చి, గింజ తీసి, ఉప్పు వేసి కుండలో తొక్కిపెడుతుంది. వారంలో రెండు మూడు రోజులు పచ్చిపులుసే. దాంట్లో ఉల్లిగడ్డ ధారాళంగా పడుతుంది, పక్కన పప్పు మాత్రం ఆచితూచి. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక కోడికూర వండితే అందులో ముక్కల కంటే ఆలుగడ్డలే ఎక్కువ. "ఆలుగడ్డకు కోడి వాసన తగిలింది" అని పరశురాం ఎగతాళి చేస్తే, "వాసన గూడ కొన్నదే, తిను" అంటుంది.

ఒక్క బియ్యం దగ్గరే ఆమె ఆటలు సాగేవి కావు. రేషన్ దుకాణంలో ఇచ్చే దొడ్డు బియ్యం పిల్లలు ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళ కోసం సన్నబియ్యం సంచి కొనక తప్పేది కాదు. వంటింటి డబ్బులో సగం ఆ ఒక్క సంచికే పోయేది. మరి రేషన్ బియ్యం? అవి ఏసోబుకు పోయేవి. ఏసోబు ట్రాలీ ఆటోలో ఉల్లిగడ్డలు వేసుకుని, మైకులో అరుచుకుంటూ వస్తాడు. రేషన్ బియ్యం పోస్తే ఉల్లిగడ్డలు ఇస్తాడు. ఇది తప్పని మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసినా, దొడ్డన్నం ముందు పెట్టి పిల్లల్ని బతిమాలే ఓపిక ఏ తల్లికీ లేదు. రేషన్ ఇచ్చిన రోజు బియ్యం సంచి తెచ్చి గడప లోపల నిలబెట్టేవాళ్ళు. బండి వచ్చిన వేళకు ఇంట్లో ఎవరుంటే వాళ్ళు ఇచ్చి, ఉల్లిగడ్డలు తీసుకునేవాళ్ళు. అడగడాలు, చెప్పడాలు ఉండేవి కావు. సంచి గడప దగ్గర ఉందంటే అది ఏసోబుదే.

కిందటేడు ఏప్రిల్‌లో రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ నెలలోనే పరశురాం ఫ్యాక్టరీలో మరమ్మతులని సగం రోజులు పని ఆపేశారు. జీతమూ సగమే. ఇంకొకరైతే తల పట్టుకునేవారు. స్వర్ణ మాత్రం నా దగ్గరకొచ్చి, "టీచరక్కా, ఈ నెల బియ్యం సంచి కొంటలేను. రేషన్లనే సన్నయి ఇస్తున్నరంట గద. ఆ పైసలతోని వర్షితకు కండ్లద్దాలు చేయిస్త" అంది.

వర్షిత ఆమె కూతురు. బోర్డు మీది అక్షరాలు ఆ పిల్లకు ఆనడం లేదని చెప్పింది నేనే. చెప్పి చాలా రోజులైంది. అయినా నా నోరు ఊరుకోదు కదా. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. ముందు బియ్యం చేతికి రానీ" అన్నాను. ఆమె నవ్వి, ఆ సాయంత్రమే పిల్లను అద్దాల దుకాణానికి తీసుకెళ్ళింది.

బియ్యం రానే వచ్చాయి. పొద్దున్నే వరుసలో నిలబడి, వేలిముద్ర వేసి, సంచి తలమీద పెట్టుకుని వచ్చింది. గుప్పెడు తీసి నా అరచేతిలో పోసి, "చూడక్కా, కొన్న బియ్యం లెక్కనే ఉన్నయి" అంది. నిజంగానే బాగున్నాయి. అప్పటికే బడికి ఆలస్యమైంది. ఎండాకాలం, ఒంటిపూట బడి. గబగబా సంచిని గడప లోపల నిలబెట్టి నా స్కూటీ ఎక్కేసింది. ఎన్నేళ్ళుగానో సంచి పెట్టే చోటు అదే కాబట్టి చెయ్యి దానంతటదే అక్కడ పెట్టింది. నేనూ చూశాను. నాకూ ఏమీ తట్టలేదు.

జానమ్మ ముందురోజు రాత్రే కేతేపల్లి నుంచి వచ్చింది. కూతురు పురుడు పోసుకుంటే రెండు నెలలు అక్కడే ఉంది. సన్నబియ్యం మాట ఆమె చెవిన పడకపోలేదు. కానీ గడప దగ్గరి సంచిలోవి అవేననీ, ఈ నెల కొడుకూ కోడలూ వాటినే నమ్ముకున్నారనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మేము తిరిగొచ్చేసరికి గడప దగ్గర సంచి లేదు. దాని చోట ఉల్లిగడ్డల కుప్ప ఉంది.

"అత్తా, బియ్యమేవి?" అంది స్వర్ణ.

"ఏసోబు వచ్చిండు బిడ్డా, పోసిన. ఈసారి ఉల్లిగడ్డలు మంచియి ఇచ్చిండు, సూడు" అంది జానమ్మ సంతోషంగా.

స్వర్ణ గోడకానుకుని కూచుండిపోయింది. అరిచి ఉంటే బాగుండేదేమో. విషయం నేనే చెప్పాల్సి వచ్చింది. అవి సన్నబియ్యమనీ, కొనడానికి ఇక డబ్బు లేదనీ, ఉన్నది పిల్ల ముక్కు మీదికి ఎక్కిందనీ. జానమ్మ లేచి, ముందురోజు తెచ్చుకున్న గుడ్డసంచిని ఇంకా విప్పనైనా విప్పలేదు, దాన్నే తీసి చంకన పెట్టుకుంది.

"నేను మళ్ళ కేతేపల్లికే పోత. ఈడ ఒక్క నోరన్న తగ్గుతది" అంది.

ఆ మాటకు స్వర్ణకు కదలిక వచ్చింది. "ఏడికి పోతవ్? కూసో. నువ్వు పోతె బియ్యమొస్తయా?" అని సంచి లాక్కుని లోపల పెట్టింది.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు. ఏసోబును పట్టుకుందాం పదమని ఆమెను స్కూటీ ఎక్కించాను. ఎండ నెత్తి మాడుస్తోంది. వీధి వీధికీ ఆగి అడిగాం. అందరిదీ ఒకటే మాట. బండి వచ్చింది, మైకులో అరిచింది, ఎవరూ బియ్యం ఇవ్వలేదు, పోయింది. ఒకామె అయితే, "సన్నబియ్యం ఎవరన్న ఉల్లిగడ్డలకు ఇస్తరా? మతి ఉన్నోళ్ళు ఇస్తరా?" అని ఎదురు అడిగింది. వెనక కూచున్న స్వర్ణ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"తిట్టలేదేం మీ అత్తను?" అన్నాను బండి నడుపుతూ. తిట్టి ఉంటే నాకు నచ్చేది కాదు. అయినా అడిగాను.

"ఏమని తిడుత అక్కా? సంచి ఆడ పెట్టింది నేను. చెప్పకపోయింది నేను. ఒకపూట జొన్న గటక, ఒకపూట ఇంట్ల మిగిలిన బియ్యంతోని బువ్వ, గట్ల ఎల్లదీస్తె పదిహేను రోజులు ఎట్లనో పోతయి. ఆ మీదనే ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు."

ఆమె గొంతులో అంత భయం నేను ఎప్పుడూ వినలేదు. సగం జీతం వచ్చిందని తెలిసిన రోజు కూడా ఆమె భయపడలేదు.

హైవే దాటాక ఒక రేకుల ఇంటి ముందు ట్రాలీ ఆటో కనబడింది. ఉల్లిగడ్డలు పొద్దున ఎక్కించినట్టే ఉన్నాయి. ఏసోబు నీడలో మంచం వాల్చుకుని పడుకున్నాడు. అతని భార్య బిక్షమ్మ అరుగు మీద కూచుని చాటలో బియ్యం పోసి మట్టిగడ్డలు ఏరుతోంది. ఆ బియ్యం చూడగానే స్వర్ణ స్కూటీ ఆగకముందే దూకేసింది.

"అన్నా, గవ్వి మా బియ్యం. తెల్వక పోసింది మా అత్త" అంది.

ఏసోబు లేచి కూచున్నాడు. అతనికి కోపం వచ్చింది. వచ్చిందంటే తప్పు కూడా అనలేను. "నేనేమన్న ఎత్కపోయిన్నా చెల్లె? అవ్వ పోస్తె తీస్కున్న, ఉల్లిగడ్డలిచ్చిన. పొద్దుగాల సంది తిరిగిన. ఎప్పుడన్న ఈ పాటికి బండి నిండుతుండె. ఇయ్యాల దొరికిందే గీ ఒక్క సంచి. గది గూడ వాపసిస్తె నేనేం తినాలె?"

నేను టీచరు గొంతు పెట్టి రేషన్ బియ్యం కొనడం నేరమని మొదలుపెట్టబోయాను. స్వర్ణ నా చెయ్యి పట్టుకుని ఆపింది. మంచిపని చేసింది. అమ్మడమూ నేరమేనని అతను అనేవాడు.

బిక్షమ్మ చాట కింద పెట్టింది. "ఇచ్చెయ్యి" అంది మొగుడితో. "రేపటి సంది నీకెవ్వరు బియ్యం పొయ్యరు. ఇగ ఉల్లిగడ్డలే అమ్ముకోవాలె. ముసల్దాన్ని మోసం జేసిండని పేరొస్తె ఏ ఇంటోళ్ళు పిలిచి కొంటరు?" అని, చాటలోవి మళ్ళీ సంచిలో పోసి మూతి కట్టింది. మేము వచ్చేసరికి పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ పూట బియ్యం వాళ్ళ గిన్నెలో ఉండేవి. స్వర్ణ సంచి మూతి విప్పి, దోసెడు బియ్యం తీసి ఆమె చాటలో పోసింది. బిక్షమ్మ వద్దనలేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఊళ్ళో అందరూ తమ బియ్యం తాము దాచుకోబట్టి సరిపోయింది గానీ, వెనకటిలా బండి నిండి ఉంటే మా సంచి దొడ్డు బియ్యపు రాశిలో కలిసిపోయి ఎప్పుడో లారీ ఎక్కేది. స్కూటీ మీద సంచి ముందు పెట్టుకుని వస్తుంటే, వెనక నుంచి స్వర్ణ ఎందుకో నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వాను. ఇద్దరం హైవే మీద పిచ్చివాళ్ళలా నవ్వుకుంటూ వచ్చాం. ఏసోబు తన ఉల్లిగడ్డల కోసం మా వెనకే బండేసుకుని వచ్చాడు. జానమ్మ ఒక్క గడ్డ కూడా ముట్టకుండా, వాటికి కాపలా ఉన్నట్టు అక్కడే కూచుని ఉంది.

ఆ సాయంత్రం స్వర్ణ నన్ను కూడా తినమంది. అన్నం, పచ్చిపులుసు, వేయించిన పల్లీల పొడి. వర్షిత కొత్త అద్దాలు తీయకుండానే తింటోంది. ఆవిరి పట్టినప్పుడల్లా తుడుచుకుంటోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో ఎప్పుడూ రెండు గిన్నెల్లో అన్నం వండేవారు. పెద్ద గిన్నెలో అందరికీ సన్నబియ్యం, చిన్న గిన్నెలో జానమ్మకు దొడ్డు బియ్యం. ఏసోబుకు పోసే ముందు ఆమె కోసం ఒక డబ్బాలో తీసిపెట్టేవారు. సన్నన్నం తనకు కడుపులో నిలవదని, దొడ్డన్నమే ఇష్టమని ఆమే పట్టుబట్టి పెట్టించుకున్న పద్ధతి అది. స్వర్ణ నమ్మింది, నేనూ నమ్మాను.

"అత్తా, నీ డబ్బల బియ్యానికి పురుగు పట్టింది. నీకు వేరె వండలే. ఇయ్యాలటికి జర గిదే తిను" అంది స్వర్ణ, తప్పు చేసినదానిలా.

జానమ్మ తలూపి తినడం మొదలుపెట్టింది. పళ్ళెం ఖాళీ అయింది. మళ్ళీ పెట్టించుకుంది. అదీ అయ్యాక ఇంకోసారి పళ్ళెం చాపింది.

పరశురాం నవ్వాడు. "సన్నబువ్వ కడుపుల నిలువదంటివి గదనే అవ్వా?"

"నిలువక యాడికి పోతది?" అంది జానమ్మ తలెత్తకుండానే. "గట్ల చెప్పకపోతె నాకు గూడ కొన్న బియ్యమే వండుతుంటిరి. నెల నిండకముందే సంచి ఒడుస్తుండె."

పరశురాం నవ్వు ఆగిపోయింది. నేను పచ్చిపులుసు గిన్నెలోకి చూస్తూ కూచున్నాను. స్వర్ణ గిన్నె ఎత్తి, అడుగున మిగిలిన అన్నమంతా గరిటెతో గీకి అత్త పళ్ళెంలో పెట్టింది.

"చాలు బిడ్డా, చాలు" అంటూనే జానమ్మ పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపింది.