ఇనుము తగలని చోటు

జినోవియా బుర్లాకు పుట్టిన ఇంటి నేలమాళిగలోకి, పీపాల చుట్టూ బిగించిన పట్టీలు తప్ప, మరే ఇనుప వస్తువూ దిగేది కాదు. ఆమె తండ్రి పీపాలు కట్టేవాడు. తన తోటలోని ద్రాక్షరసాన్ని తాను కట్టిన పీపాలలోనే పులియబెట్టేవాడు. మద్యం పైకి తీయడానికి ఆయన దగ్గర పొడవాటి మెడ గల ఎండు సొరబుర్ర ఒకటి ఉండేది. దాని మెడను పీపాలో ముంచి, పైనున్న రంధ్రంలో నోరు పెట్టి పీల్చి, రంధ్రాన్ని వేలితో మూసి, చుక్క ఒలకకుండా బయటికి తీసేవాడు. వచ్చిన చుట్టం ఎవరైనా తొందరపడి వంటింటి గరిటె అందుకొంటే చేయి పట్టుకొని ఆపేవాడు.

"ఇనుము తగిల్తే మద్యం నల్లబడుద్దయ్యా. ఇవాళే కాదులే, చలి విరిగేసరికి. అప్పుడు నా పీపాని తిడతావు."

ఈ మాట వింటూ పెరిగిన పిల్లే, నలభై దాటిన తరువాత, కిషినావ్ నగరంలోని పరిశోధనశాలలో ఇనుము చేసిన మోసాన్ని చాలాకాలం గుర్తుపట్టలేకపోయింది. గుర్తుపట్టిన తరువాత ఆమె ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా భవనంలో ఆమె కాపురం మా ఇంటికి సరిగ్గా పైన. సన్నని మనిషి. మెట్ల మీద ఎదురైతే పక్కకు ఒదిగి దారి ఇచ్చేది. వేళ్ల చివర ఆమ్లం చిందిన పాత మచ్చలు ఉండేవి. పెళ్లి చేసుకోలేదు. అందుకు కారణం అడిగిన వారితో, "కొలిమిని వదిలి రెండు పూటలు ఉండలేనిదాన్ని, నన్నెవరు భరిస్తారు?" అని నవ్వేసేది. కొలిమి అంటే స్ఫటికాలు పెంచే విద్యుత్ కొలిమి. అందులో పదార్థం కరిగి, వారాల తరబడి మెల్లగా చల్లారుతూ, ఒక్కటే స్ఫటికంగా గట్టిపడాలి. తొందరపడితే ముక్కలవుతుంది.

ఆ ప్రయోగశాలకు పెద్ద ఫిలిమోన్ గ్రోసు. జినోవియాకు చదువు చెప్పినవాడు, ఉద్యోగం ఇచ్చినవాడు ఆయనే. సోవియట్ రాజ్యం కూలిపోయి, నగరంలో వేడినీటి గొట్టాలు చల్లబడి, కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని చలికాలాలలో, ఆయన ఆ గదిలో ఇనుప పొయ్యి ఒకటి పెట్టించి, బొగ్గు బస్తాలు స్వయంగా మోసుకొచ్చేవాడు. ఇతర గదులు ఒక్కొక్కటిగా మూతపడినా ఆయన గది మూతపడలేదు. కరెంటు వచ్చిన వేళల్లో కొలతలు తీసేవారు. పోయినప్పుడు కోట్లు వేసుకొని పొయ్యి చుట్టూ కూర్చొని వాదించుకొనేవారు.

కొత్త శతాబ్దం మొదలయ్యాక వారికి ఒక ఆశ దొరికింది. కంప్యూటరులో లెక్క చేసే పని అర్ధవాహకానిది, లెక్కను దాచిపెట్టే పని అయస్కాంత పదార్థానిది. ఈ రెండు గుణాలూ ఒకే స్ఫటికంలో ఇమిడి, మామూలు గది వేడిమి వద్ద నిలిస్తే, కరెంటు పోయినా మరచిపోని యంత్రాలు చేయవచ్చు. చీకటి చలికాలాలు గడిపిన వారికి ఆ ఊహ ఎంత తీయగా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. జింకు ఆక్సైడులో కాసింత మాంగనీసు కలిపి జినోవియా స్ఫటికాలు పెంచింది. వాటిని పలుచని బిళ్లలుగా కోసి, అయస్కాంత గుణాన్ని కొలిచే యంత్రంలో పెట్టింది. చుట్టూ అయస్కాంత బలాన్ని పెంచి తగ్గిస్తుంటే యంత్రపు కలం కాగితం మీద గీత గీస్తుంది. అయస్కాంత గుణం లేని పదార్థమైతే కలం పోయిన దారినే తిరిగి వస్తుంది. ఉంటే వేరే దారిన వచ్చి, రెండు గీతల నడుమ సన్నని ఆకు ఆకారం మిగులుతుంది. కాగితం మీద ఆకు పడింది. మళ్లీ కొలిచినా పడింది.

ఫిలిమోన్ ఆ రోజు తన ఇంటి మద్యం తెప్పించి అందరికీ పోశాడట. వ్యాసం ఒక పత్రికకు వెళ్లింది. ఏ ప్రయోగశాలలు ఉండాలో, ఏవి పోవాలో తేల్చడానికి కమిటీ వస్తుందన్న కబురు అప్పటికే ఉంది. ఆ ఆకే తన గదిని కాపాడుతుందని ఆయన నమ్మాడు.

కమిటీ రావడానికి కొద్ది రోజుల ముందు, ఉదయాన్నే కొలతకు కూర్చొన్న జినోవియాకు, రోజూ బిళ్లలను ఎత్తే తన ఉక్కు పట్టకారు కనబడలేదు. యంత్రాల బాగోగులు చూసే టుడోస్ అప్పుడే టోపీ దులుపుకొంటూ లోపలికి వచ్చాడు.

"టుడోస్ అన్నా, నా పట్టకారు చూశావా?"

"అయ్యో చెల్లెమ్మా, ఇంట్లోనే మర్చిపోయా! మనవరాలి బారసాలకి బాతుల్ని కోశాం. ఈకలు పీకినా మొదళ్లు చర్మంలోనే ఉండిపోతాయి చూడు, వాటికి నీ పట్టకారుని మించింది లేదు."

"కొలతల పట్టకారుతో బాతు ఈకలా! నీకు వేరే పట్టకారే దొరకలేదా?"

"నువ్వు దాంతో రాయిలోంచి అయస్కాంతం పీకావు, నేను తోలులోంచి ఈక పీకితే తప్పొచ్చిందా? రేపు కడిగి తెస్తాలే. ఓ తొడ ముక్క కూడా తెస్తా, మొహం అట్లా పెట్టకు."

ఆమె తెల్ల కాగితాన్ని మడిచి, దానితో బిళ్లను ఎత్తి యంత్రంలో పెట్టింది. కలం పోయిన దారినే తిరిగి వచ్చింది. ఆకు లేదు. స్ఫటికం బాగా రాలేదేమో అనుకొని, అదే స్ఫటికం నుండి కోసిన మరొక బిళ్లను పెట్టింది. దానికీ లేదు.

మరునాడు టుడోస్ పట్టకారునూ, కాగితంలో చుట్టిన బాతు తొడనూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతడు వెళ్లాక ఆమె నిన్నటి బిళ్ల అంచును పట్టకారుతో ఒక్కసారి నొక్కి పట్టి, మళ్లీ యంత్రంలో పెట్టింది. ఆకు పడింది. బిళ్ల అంచును పలుచని ఆమ్లంలో ముంచి కడిగి, మరోసారి యంత్రంలో పెట్టింది. ఆకు పోయింది. గట్టి స్ఫటికపు అంచు ఉక్కును గీరుతోంది. కంటికి ఆనని ఆ ఇనుప నలుసునే ఇన్నాళ్లూ తాము కొలిచారు. స్ఫటికంలో ఏమీ లేదు. బాతు తొడను ఆమె ముట్టలేదు.

ఆ సాయంత్రమే ఫిలిమోన్‌ను పిలిచింది.

"గురువుగారూ, ఒక్కసారి ఇటు రండి."

"ఇప్పుడు కాదమ్మాయ్. కమిటీకి పటాలు అతికిస్తున్నా."

"ఆ పటాల సంగతే."

ఆయన ఎదుట మొదటి నుండి అన్నీ చేసి చూపింది. ఆయన "ఇంకోసారి" అన్నాడు. చేసింది. "బిళ్ల మార్చు" అన్నాడు. మార్చింది. కాగితం వంక చూస్తూ అడిగాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"మనిద్దరికే."

"టుడోస్‌కి?"

"ఆయనకి బాతు సంగతే తెలుసు."

ఆయన నవ్వలేదు. "జినా, ఎల్లుండి వాళ్లొస్తున్నారు. ఈ గది ఉంటుందో పోతుందో ఆ పూటే తేలిపోతుంది. ఒక్క ఏడాది ఆగి చెప్తే ఎవరి ప్రాణం పోతుంది?"

"ఏడాది తిరక్కుండానే ఇంకెవరో కనిపెడతారండీ."

"కనిపెట్టనీ. అప్పటికి నేనిక్కడ ఉండను."

"నేనుంటాను గదా, గురువుగారూ."

ఆయన పటాల వైపు తిరిగి, జిగురు సీసా మూత బిగిస్తూ, "పొద్దుపోయింది, ఇంటికెళ్లు," అన్నాడు.

ఆనాడు ఆమె మా ఇంటి ముందు మెట్ల మీద కూర్చొని ఉంటే లోపలికి పిలిచాను. రాలేదు. "ఆయన ఆ పటమే చూపిస్తే నేను లేచి నిలబడాలమ్మా. నిలబడితే మళ్లీ ఆయన మొహం చూడలేను. కూర్చుంటే మా నాన్న మొహం చూడలేను," అంది. కొంతసేపు పక్కన కూర్చొన్నాను.

కమిటీ వచ్చింది. ఫిలిమోన్ పటాలన్నీ గోడకు తగిలించి, కొలిమి గురించి, పాత పనుల గురించి నెమ్మదిగా చెప్పాడు. ఆకు ఉన్న పటం దగ్గరికి వచ్చేసరికి జినోవియా రెండు చేతులూ కుర్చీ పట్టె మీద ఆనించి లేవబోయింది. ఆయన ఆమెను చూశాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకొన్నాడు.

"ఈ పటం తప్పు. తప్పు నా గదిలో జరిగింది. ఎట్లా జరిగిందో ఈ అమ్మాయి చూపిస్తుంది. కనిపెట్టింది ఆమే."

జినోవియా చూపింది. ముందు కాగితంతో, తరువాత ఉక్కు పట్టకారుతో బిళ్లను ఎత్తి కొలిచిందని టుడోస్ తరువాత నాకు చెప్పాడు. అంతా చూసిన తరువాత కమిటీలో ఒకాయన, "అంటే ఈ ఏడాది మీ దగ్గర ఫలితమేమీ లేదన్నమాట," అన్నాడు.

"ఇప్పుడు చూసింది ఫలితమే," అన్నాడు ఫిలిమోన్.

కమిటీ వారు మర్యాదగా తలలూపారు, జున్ను పెట్టి కాల్చిన వేడి రొట్టెలు తిన్నారు, వెళ్లిపోయారు. వసంతం రాకముందే ఆ ప్రయోగశాలను మరొక దానిలో కలిపివేశారు. వ్యాసాన్ని ఆయనే వెనక్కి తీసుకొన్నాడు. పదవీ విరమణ చేసి ఇంటికి వెళ్లిన తరువాత జినోవియాతో మాట్లాడడం మానేశాడు. పండుగకు ఆమె పిండిని జడలా అల్లి కాల్చిన రొట్టె పట్టుకొని వెళ్తే, "పడుకున్నారమ్మా" అన్నది ఆయన భార్య. అప్పుడు మిట్టమధ్యాహ్నం. లోపల రేడియో మోగుతోంది.

కొత్త చోట జినోవియాకు గోడవారగా ఒక బల్ల ఇచ్చారు. ఆ గదిలోకి అడుగుపెట్టే ముందు ఆమె జడపిన్నులు సైతం తీసి గుమ్మం దగ్గర గిన్నెలో వేసేది. బిళ్లలను మడిచిన కాగితంతోనే ఎత్తేది. అవి జారేవి, కొన్ని పగిలేవి. అయినా ఇతర నగరాల వారు, ఆకు ఆకారం కనబడగానే సంబరపడక, తమ స్ఫటికాలను ఒకసారి ఆమె చేత కొలిపించుకోవడం మొదలుపెట్టారు. తరచుగా ఆమె పంపే జవాబు 'లేదు' అనే. ఎవరి ఆశనైనా అలా తుంచవలసి వచ్చిన రోజున ఆమె మెట్ల మీద నాతో మాట్లాడేది కాదు.

ద్రాక్షకోతలు ముగిసిన ఒక మధ్యాహ్నం ఫిలిమోన్ ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. వెనక టుడోస్. ఆయన కోటు జేబులో నుండి గుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అక్రోటు కర్రతో చెక్కిన పట్టకారు ఉంది. రెండు కొనలు వెంట్రుకను పట్టేంత సన్నగా అరగదీసి ఉన్నాయి.

"చెక్కింది కత్తితోనే. తర్వాత గాజుపెంకుతో గీకి, ఆమ్లంలో కడిగా. నమ్మకపోతే కొలుచుకో," అన్నాడు.

"దీంతో ఈకలు రావు," అన్నాడు టుడోస్ మూట చూస్తూ. "నేను ముందే ఆయన్ని అడిగానులే."

జినోవియా పాత స్ఫటికపు బిళ్లను కొత్త పట్టకారుతో ఎత్తి యంత్రంలో పెట్టింది. ఫిలిమోన్ కళ్లజోడు తగిలించుకొని కాగితం మీదికి వంగాడు. కలం చివరిదాకా వెళ్లి, పోయిన దారినే తిరిగి వచ్చింది.

"కోటు తీసి కూర్చోండి, గురువుగారూ," అంది ఆమె.

ఆయన ముందు గుమ్మం దాకా వెళ్లి, జేబులోని తాళపుచెవులు తీసి, జడపిన్నుల గిన్నెలో వేసి వచ్చి కూర్చొన్నాడు.