భయం లేదని రాసిన కాగితం

మా పిన్ని టైలరు. పదకొండేళ్లుగా కుక్కపిల్లల్ని కూడా పెంచుతోంది, తనకోసం కాదు. చూపు లేనివాళ్లకు దారి చూపే కుక్కలను తయారుచేసే కేంద్రం వాళ్లు రెండు నెలల పిల్లను తెచ్చి ఇస్తారు. ఏడాది పాటు దానికి మెట్లు, బస్సులు, జనం, గోల అన్నీ అలవాటు చేసి తిరిగి అప్పగించాలి. “పెంచి పెంచి ఇచ్చెయ్యడానికి నీకు మనసెలా ఒప్పుతుందే?” అని మా అమ్మ అడిగేది. “జాకెట్లు కుట్టి ఇచ్చెయ్యట్లేదా అక్కా?” అనేది పిన్ని. నోటికేం తక్కువ లేదు.

ఆరో పిల్ల దగ్గర ఆ నోరు పడిపోయింది. వాణ్ణి మేం గుండుగాడు అనేవాళ్లం. చెప్పింది ఇట్టే పట్టేసేవాడు. ఒకటే లోటు. లారీ వెనక్కి వస్తూ బీప్ బీప్‌మని కూసిందంటే చాలు, బెదిరిపోయి ఎటు పడితే అటు లాగేసేవాడు. నెలనెలా కేంద్రానికి పంపే కాగితంలో ‘దేనికైనా భయపడుతోందా?’ అని ఒక గడి ఉంటుంది. పిన్ని ప్రతి నెలా ‘లేదు’ అని రాసింది. పెద్దయితే పోతుందిలే అనుకున్నానంటుంది గానీ, అసలు సంగతి పంతం. తను పెంచిన పిల్ల ఒక్కటీ అంతవరకూ కేంద్రం పరీక్షలో తప్పలేదు మరి.

కేంద్రంలో ఆ కూత వాడి చెవిన పడలేదో, పడినా ఎవరూ గమనించలేదో, గుండుగాడు గట్టెక్కాడు. పియానోలు బాగుచేసే, చూపు లేని ఒకాయనకు ఇచ్చారు. ఆయన ఒకరోజు ఇంటికొచ్చి పిన్ని చేతులు పట్టుకుని, “ఏడేళ్ల తర్వాత నిన్న ఒక్కణ్ణే మలుపు దాకా వెళ్లొచ్చానమ్మా” అన్నాడు.

అప్పటినుంచి పిన్నికి ఆ కూత ఇంట్లోనే వినిపించసాగింది. మిషను తొక్కుతుంటే వినిపించేది. నీళ్లు పోసుకుంటుంటే వినిపించేది. వీధిలో లారీ లేకపోయినా తలుపు తీసి చూసేది. నాకు ఒళ్లు మండింది.

“చెప్పెయ్యొచ్చుగా!” అన్నాను.

“చెప్తే వాణ్ణి తీసేసుకుంటారు. ఆయన మళ్లీ నాలుగు గోడల మధ్యే.”

“చెప్పకపోతే?”

పిన్ని సూది గుడ్డలో దించి, లేచి వెళ్లి మళ్లీ తలుపు తీసి చూసింది.

నలభై రోజులు తిండి సయించలేదు. చివరికి ఒక ఉదయం కేంద్రానికి ఫోన్ చేసి అంతా చెప్పేసింది. వాళ్లు వెళ్లి పరీక్షించారు. కూత వినగానే గుండుగాడు ఆయన్ని రెండడుగులు రోడ్డు మీదికి లాగేశాడట. వారంలో, దారి చూపేటప్పుడు వాడికి తొడిగే పట్టీ విప్పేసి, ఇక నీ దగ్గరే ఉంచుకోమని పిన్ని ఇంట్లో దింపారు.

పోయినవాడు తిరిగొచ్చాడుగా, ఇంకేం కావాలి అన్నారందరూ. నేనూ అన్నాను, ఇప్పుడు సిగ్గేస్తోంది. గుండుగాడు పిన్నిని గుర్తుపట్టాడు, తోక కూడా ఆడించాడు. కానీ ముద్ద ముట్టలేదు. గుమ్మం వైపు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు పియానోలాయన ఫోన్ చేశాడు. తిడతాడనుకుంది పిన్ని. నాకూ వినబడేలా స్పీకరు పెట్టింది.

“వాడు తింటున్నాడా అమ్మా?” అన్నాడాయన.

ఆ గొంతు వినగానే గుండుగాడు దిగ్గున లేచాడు. ఫోను పట్టుకున్న పిన్ని పక్కకు వచ్చి, పట్టీ తొడిగించుకోవడానికి తల వంచి నిలబడ్డాడు.

“అమ్మా, లైన్లో ఉన్నారా?” అని ఆయన అడుగుతూనే ఉన్నాడు.