ఓటమి లేని పుస్తకం పట్టుకుని లాల్‌దర్వాజాకు

ఒక పుస్తకం మీద కోపమొచ్చి రైలెక్కినవాడు ఈ నిజాం రాజ్యంలో నేను తప్ప మరొకడు ఉంటాడనుకోను. ప్రయాణం సంగతి చెప్పేముందు ఆ కోపం సంగతి చెప్పాలి.

నేను మహబూబ్‌నగర్‌లో బడిపంతుల్ని. రిటైరైన బాక్సర్లు రాసుకున్న ఆత్మకథలు చదవడమంటే నాకు ప్రాణం. సికింద్రాబాదు దండులో తెల్ల సిపాయిలు చదివి పారేసినవి పాత పుస్తకాలవాళ్ళ దగ్గరికి వస్తాయి. వాటిని ఏరి తెచ్చుకుని, అట్టలు వేసుకుని, లాంతరు ముందు కూర్చుంటాను. "ఈగను తోలనీకి చేతగాదు గని, గుద్దులాట పుస్తకాలు మాత్రం కావాలె" అంటుంది మా ఆవిడ. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పుస్తకాల్లో ఉండే రుచి ఆమెకేం తెలుసు? ముక్కు మొదటిసారి విరిగిన రోజు, పళ్ళు కదిలితే తల్లి తాగించిన గంజి, చేతి తొడుగులు కుదువపెట్టి పెళ్ళి చేసుకున్న ముచ్చట, అన్నిటికన్నా మించి ఓడిపోయిన ప్రకరణం. గెలిచినచోట ఎవడైనా గొప్పలు పోతాడు. కిందపడి, కప్పు వంక చూస్తూ, రెఫరీ అంకెలు లెక్కపెడుతుంటే విన్నచోట మాత్రం మనిషి నిజం చెప్తాడు. నేను పుస్తకం కొనేది ఆ ఒక్క ప్రకరణం కోసమే.

ఇలాంటి నాకు, తెలుగులో ఒక ముష్టియోధుడి ఆత్మకథ అచ్చయిందని తెలిస్తే ఎంత సంబరపడ్డానో చెప్పలేను. హైదరాబాదు లాల్‌దర్వాజాలో ఉండే నర్సింగ్ అనే పెద్దమనిషిది. తెప్పించుకుని ఒక్క బిగిన చదివాను. ఎక్కడా ఓటమి లేదు! మొదటి పుట నుంచి చివరి పుట దాకా గెలవడమే. మనిషి పడడు, బొప్పి కట్టదు, కనీసం తుమ్మడు కూడా. మళ్ళీ చదివాను, నేనే ఏదో పుట దాటవేశానేమోనని. లేదు. ఉప్పులేని పప్పు వడ్డించి పండగ భోజనం అన్నట్టుంది. దసరా సెలవులు రాగానే పుస్తకం సంచిలో పెట్టుకుని, "అయ్యా, మీరెక్కడ ఓడారు?" అని ముఖాన అడిగి రావడానికి బయల్దేరాను.

మహబూబ్‌నగర్‌లో పొద్దుటి బండి యుద్ధం రోజులు కాబట్టి ఆలస్యంగానే వచ్చింది. మూడో తరగతిలో నిలబడడానికి చోటు దొరికితే భాగ్యమే. వేరుశనగ బస్తా మీద కూర్చున్న ఒక వ్యాపారి మాట కలిపి, ఎందుకు పోతున్నానో విని నవ్వాడు.

"ఎక్కడ ఓడిన్రని అడుగనీకి టికెట్ పెట్టుకొని పోతున్నరా సారూ? మా గల్లీకి వస్తే ముప్పై మందిని చూపిస్తుంటి గద!"

జడ్చర్లలో బజ్జీలు బాగుంటాయని విని దిగాను. నూనె వాసన చూసి మళ్ళీ ఎక్కాను. మీరు వెళ్తే ఇంటినుంచే పులిహోర కట్టించుకోండి. షాద్‌నగర్ దాటాక కాస్త గాలి తగిలింది. కాచిగూడ చేరేసరికి పదకొండు దాటింది. టాంగావాడు అఫ్జల్‌గంజ్‌కి అర్ధరూపాయి అడిగాడు. నేను దబాయిస్తే గుర్రం వైపు తిరిగి, "సున్‌రీ క్యా, ఇనో పైదల్ జాతే కతే" అని, ఈయన నడిచిపోతాడట విన్నావా అన్నట్టు, దానికి చెప్పాడు. అది నిజంగానే నావంక జాలిగా చూసినట్టనిపించి ఎక్కేశాను.

అఫ్జల్‌గంజ్‌లో సత్రాలకు కొదవ లేదు. గది శుభ్రంగా ఉంది కానీ కింద కిరాణా గోదాము. రాత్రంతా మిరపకాయల ఘాటుకు తుమ్ములు తప్పవు. మూసీ వైపు కిటికీ ఉన్న గది అడగండి. పక్కనే భోజన హోటల్లో అన్నం తిని, బస్సులో నయాపూల్ దాటి, పత్తర్‌గట్టీ మీదుగా శాలిబండలో దిగాను. అక్కడినుంచి లాల్‌దర్వాజా నడకే. మహాంకాళి గుడి దగ్గర పూలమ్మే ఆమెను అడిగితే, "గుద్దుల నర్సింగా? బర్రెలున్న ఇల్లు" అని చెయ్యి చూపించింది.

గుమ్మం ముందు రెండు బర్రెలు. వాటి మధ్య బకెట్ పట్టుకుని ఒక అరవయ్యేళ్ళ మనిషి. ముక్కు ఎడమవైపుకు వాలిపోయింది, వేళ్ళ కణుపులు వెలగపండ్లలా ఉబ్బి ఉన్నాయి. నేను నమస్కరించి నర్సింగ్ గారు మీరేనా అన్నాను. ఆయన బకెట్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఛాతీ నిండా ఊపిరి పీల్చి అన్నాడు:

"ఖాసిం చేతుల పడినోణ్ణి. జోసెఫ్ ఉస్తాద్ శాగిర్దును. పేరు నర్సింగ్."

ఇదేం పరిచయమండీ అన్నాను. ఆయన నవ్వి నన్ను మంచం మీద కూర్చోబెట్టాడు. ఆ వరస వాళ్ళ తాలీం, అంటే సాధన చేసే వ్యాయామశాల, కట్టుబాటట. దండులో బాక్సింగ్ నేర్చి వచ్చిన జోసెఫ్ ఈ గల్లీల పిల్లలను పోగుచేసి తాలీం పెట్టిన రోజే చెప్పాడట: ఎవరైనా నువ్వెవరని అడిగితే, నిన్ను ఓడించినవాడి పేరు ముందు చెప్పాలి, తర్వాత నువ్వెవరి శిష్యుడివో ఆ గురువు పేరు, తర్వాతే నీ పేరు.

"గెలిచిన సంగతి లోకమే చెప్తది. ఓడిన సంగతి నువ్వే చెప్పాలె అనేటోడు ఉస్తాద్" అన్నాడు నర్సింగ్. "మా పెండ్లిల అయ్యగారు పేరు అడిగితే గూడ గిట్లనే చెప్పిన. మా మామ లగ్గం ఆపుతా అని లొల్లి చేసిండు."

నా ఒళ్ళు పులకరించింది. ఇంగ్లీషు పుస్తకాలన్నిటిలోనూ నేను వెతికే ప్రకరణం, ఈ మనిషి నోట్లో మొదటి మాటగా ఉంది! ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎందుకంటే సంచిలో ఉన్న పుస్తకంలో ఖాసిం అనే పేరే లేదు.

నేను ఆ ముక్క చెప్పేలోపలే ఆయన లోపలికెళ్ళి ఎర్ర గుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చాడు. తన పుస్తకం. పసుపు కుంకుమ అంటి ఉంది.

"నేను చదువుకోలే. నేను చెప్పుకుంట పోయిన, వకీలు సాబ్ రాసుకుంట పోయిండు. చదివి వినిపిస్త అన్నడు, రేపు మాపు అనుకుంట తిప్పుతున్నడు. ఈ గల్లీల ఉర్దూ చదివెటోల్లు మస్తు మందున్నరు గని తెలుగు చదువుడు ఎవలకూ రాదు. ఖాసిం రోజు అడుగుతడు, నా పేరు ముందుగాలనే ఉన్నది గద భాయ్, ఎట్ల రాసిన్రు అని. మంచి గడియల వచ్చినవ్ సారూ. నడువ్!"

ఆగమంటే వినలేదు. నా చెయ్యి పట్టుకుంటే వదిలించుకోవడం నావల్ల కాలేదు.

రెండు సందుల అవతల ఖాసిం భాయ్ పతంగుల దుకాణం. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, ఒక కంట్లో పువ్వు. నన్ను చూసి జిగురు గిన్నె పక్కన పెట్టాడు.

"నర్సింగ్ చేతుల రెండుసార్లు పడినోణ్ణి. జోసెఫ్ ఉస్తాద్ శాగిర్దును. ఖాసిం" అన్నాడు.

అంటే వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఓడించుకుని, జీవితమంతా ఒకరి పేరు ఒకరు ముందు చెప్పుకుంటూ బతికారు! చాయ్ తెప్పించాడు. తలకు టోపీ సర్దుకున్నాడు. నమాజుకు కూర్చున్నట్టు మోకాళ్ళ మీద నిటారుగా కూర్చున్నాడు. నర్సింగ్ తన పుస్తకం గుడ్డ విప్పి నా ఒళ్ళో పెట్టాడు.

ఏం చెయ్యను? చదివాను. "అపజయమన నెట్టిదో యెరుంగని వీరాధివీరుండనగు నేను" అని మొదలవుతుంది. నర్సింగ్ తల ఊపుతూ వింటున్నాడు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. పుట తిప్పాను.

"ఖాసిం ముచ్చట ఇంక రాలే?" అన్నాడు నర్సింగ్.

"లేదు."

"జర ముందటికి పో సారూ. ముందటుంటది."

ఇంకో పుట చదివాను. పేరొకటి కల్పించి చదివేస్తే ఏంపోయిందని నాకూ అనిపించింది, దాచను. కానీ నిజం చెప్పనందుకు పుస్తకం మీద కోపగించి ఇంత దూరం వచ్చినవాణ్ణి, నేనే అబద్ధం చదివితే ఇక నేను తిట్టేదెవర్ని? పుస్తకం మూసి చెప్పేశాను. ఖాసిం లేడని, జోసెఫ్ లేడని, ఓటమే లేదని, నేను వచ్చిందే దానికోసమని.

ఖాసిం భాయ్ కొంచెంసేపు పతంగు కాగితం అంచు వేలితో రుద్దుతూ ఉన్నాడు. "జానేదో భాయ్. కాగజ్ పే నై తో క్యా హువా" అని, కాగితం మీద లేకపోతే ఏమైందిలే అన్నట్టు నవ్వాడు. కానీ టోపీ తీసి పక్కన పెట్టాడు. ఆ టోపీ తీయడం చూడలేకపోయాను.

నర్సింగ్ ముఖం నల్లబడింది. "నన్ను దొంగను చేసిండు" అని లేచాడు.

వకీలు గారి మేడ గుడి వెనక సందులో ఉంది. ఆయన మర్యాదస్థుడే, కుర్చీ వేయించాడు. నేను విషయం చెప్పాను. ఆయన తాపీగా తమలపాకు ఈనె తీస్తూ, "కాగితం కరువండీ. యుద్ధం. ఎక్కడో ఒకచోట కుదించాలి గదా" అన్నాడు.

"తమ ఫోటోకూ, తమ వంశ వర్ణనకూ కాగితం దొరికిందే!"

"అది పీఠిక."

"పోనీ, రెండో కూర్పులో వేయండి."

"రెండో కూర్పుకు కాగితం వచ్చేసింది. కానీ వేయను. ఓడినవాడి కథ మన పిల్లలకేం ఆదర్శం? ఎవరు కొంటారు?"

"నేను కొంటాను! బాక్సర్ల ఆత్మకథలన్నీ నేను అందుకే కొంటాను! ఆత్మకథ ఆయనది, తమది కాదు!"

నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది. బడిలో కూడా నేనంతగా అరవలేదు. వకీలు గారు మాత్రం వాయిదా అడిగినంత నెమ్మదిగా అన్నాడు: "మాట ఆయనది, భాష నాది, ఖర్చు నాది. అది అలా ఉంచండి. పంతులు గారు ఇన్ని పుస్తకాలు చదివారు గదా, బాక్సింగ్ ఎప్పుడైనా కళ్ళతో చూశారా?"

చూడలేదు. ఒక్కటి కూడా చూడలేదు. ఆయన గుమాస్తా కిసుక్కున నవ్వాడు. సిగ్గుతో, కోపంతో నా చెవులు వేడెక్కాయి.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ నర్సింగ్ ముందుకొచ్చి, పుస్తకాన్ని ఎర్ర గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. గుడ్డ మడతపెట్టి భుజాన వేసుకున్నాడు.

"ఈ కితాబుల ఉన్నోడు ఎవడో నాకు తెల్వదు వకీలు సాబ్. ఆనికి ఓటమి లేదంట. ఓడనోడు మా తాలీంల ఎన్నడూ అడుగు పెట్టలే. ఆన్ని మీరే ఉంచుకోండ్రి."

అంతే అన్నాడు. అరవలేదు. వకీలు గారు ఏదో అనబోయి తమలపాకు నోట్లో పెట్టుకున్నాడు. మేమిద్దరం మెట్లు దిగాము. రెండో కూర్పు కూడా అలాగే వస్తుందని నాకు తెలుసు. ఇది రాస్తుంటే కూడా నా పళ్ళు పటపటలాడుతున్నాయి.

తిరిగి దుకాణానికి వెళ్ళాము. ఖాసిం భాయ్ అంతా విని, నా సంచిలోని నా సొంత పుస్తకాన్ని అడిగి తీసుకున్నాడు. పతంగుల మీద బొమ్మలు వేసే సన్న కుంచెను నల్లరంగులో ముంచి, మొదటి పుట పైన, వీరాధివీరుడి నెత్తిమీద, ఉర్దూలో ఒక వరస రాశాడు. నర్సింగ్ దాన్ని చదవలేడు. ఖాసిం వేలు పెట్టి చూపిస్తూ చదివాడు: "ఖాసిం చేతుల పడినోణ్ణి. జోసెఫ్ ఉస్తాద్ శాగిర్దును. నర్సింగ్." నర్సింగ్ ఆ తడి అక్షరాలను ఊదుతూ, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ పుస్తకం మీ దగ్గర ఉంటే, చదివే ముందు లాల్‌దర్వాజా వెళ్ళండి. పతంగుల దుకాణం ఎవరైనా చూపిస్తారు. మొదటి పుట రాయించుకున్నాకే చదవండి. బస్సు శాలిబండలో దిగితే దగ్గర.

మర్నాడు మధ్యాహ్నం కాచిగూడలో బండెక్కాను. ఈసారి కూర్చోవడానికి చోటు దొరికింది. ఎదురుగా ముతక కంబళి కప్పుకున్న ఒక రైతు. నా ముఖంలో కోపం ఇంకా దిగలేదేమో, షాద్‌నగర్ దగ్గర పడుతుండగా అడిగాడు.

"సారెవరు? ఏ ఊరు?"

"లాల్‌దర్వాజా వకీలు గారి చేతిలో ఓడినవాణ్ణి. నాకు గురువులెవరూ లేరు, పుస్తకాలే. మహబూబ్‌నగర్ బడిపంతుల్ని, రామచంద్రం" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కంబళి సరిచేసుకుని, పక్కన పెట్టుకున్న కర్రను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"నేను మా పట్వారీ చేతుల ఓడినోణ్ణి సారూ. నిన్ననే, పట్నం కచ్చేరిల. మా నాయిన దున్నిన భూమి. నా పేరు బాలయ్య."

మహబూబ్‌నగర్‌లో బండి ఆగేదాకా ఆయన చెప్పాడు, నేను విన్నాను.